మూడు కిలోహెర్ట్జుల చరిత్ర: కరవది సన్నాయి నుంచి హెడ్‌ఫోన్స్ దాకా

మా ఆఫీసులో బోనస్ పడిన వారం ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "ఇంట్లో తీరిగ్గా పాటలు వినడానికి మంచి హెడ్‌ఫోన్స్ ఏవి కొనమంటావ్?" అడిగేవాళ్ళు అప్పటికే ఇరవై రివ్యూలు చదివేసి, నాలుగు వీడియోలు చూసేసి, ఎటూ తేల్చుకోలేక వస్తారు. ఆ రివ్యూలు చెడ్డవని నేననను. కాకపోతే వాటిని రాసేవాళ్ళు జాజ్, రాక్, ఎలక్ట్రానిక్ సంగీతం పెట్టి పరీక్షిస్తారు. మనమేమో పొద్దున ఘంటసాల, సాయంత్రం జానకి, పండగొస్తే సన్నాయి వింటాం. టెస్ట్ డేటా వాళ్ళది, ప్రొడక్షన్ డేటా మనది. బెంచ్‌మార్క్ ఎలా కుదురుతుంది చెప్పండి?

అందుకని ఈసారి మోడళ్ళ పేర్లతో కాకుండా మా ప్రాంతంతో మొదలుపెడతాను. మాది పర్చూరు వైపు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేల మధ్య, మిరప కల్లాల మధ్య జనం వందేళ్ళుగా ఏం విన్నారు, ఏ పరికరంతో విన్నారు అన్నది చూసుకుంటే హెడ్‌ఫోన్స్ ఎంచుకోవడం తేలికవుతుందని నా వాదన. ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి చాలు: మూడు కిలోహెర్ట్జులు.

ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది? మన చెవి రంధ్రం ఇంచుమించు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం. ఒక వైపు తెరిచి ఉంటుంది, రెండో వైపు కర్ణభేరి మూసి ఉంటుంది. ఇలాంటి గొట్టం ఎక్కడ అనునాదం ఇస్తుందో ఇంటర్మీడియట్ ఫిజిక్సులో చదువుకున్నాం. శబ్ద వేగాన్ని గొట్టం పొడవుకి నాలుగు రెట్లతో భాగించాలి. 340 ని 0.1 తో భాగిస్తే 3400 హెర్ట్జులు. మనిషి మనిషికీ కాస్త అటూ ఇటూ అయినా, అసలు మన చెవి మూడు కిలోహెర్ట్జుల చుట్టుపక్కల వచ్చే శబ్దాన్ని తనంతట తానే పది డెసిబెల్స్ పైగా పెంచి లోపలికి పంపిస్తుంది. చంటిపిల్ల ఏడుపు నిద్రలో కూడా తగిలేది ఇందుకే.

మన పాతకాలపు కళాకారులకి ఈ లెక్క తెలియదు. కానీ ఈ రహస్యం బాగా తెలుసు.

పెళ్ళిలో సన్నాయి సంగతే తీసుకోండి. తాళి కట్టే వేళ "గట్టిమేళం, గట్టిమేళం" అని అరుస్తారు కదా. ఆ నిమిషాన ఎవరైనా తుమ్మినా, అపశకునం మాట ఏదైనా అన్నా పెళ్ళికూతురి చెవిన పడకూడదని. అంటే నాయిస్ క్యాన్సిలేషన్ మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు :) ఆరుబయట, వందలమంది మాట్లాడుకుంటుంటే, మైకు లేకుండా ఊరి చివరిదాకా వినపడాలి. నాదస్వరంలో మూల స్వరం కొన్ని వందల హెర్ట్జుల్లోనే ఉన్నా, జంట పీక వల్ల దాని పై హార్మోనిక్స్ చాలా బలంగా పుడతాయి. చెవి ఎక్కడ సున్నితంగా ఉంటుందో సరిగ్గా అక్కడికి పోయి తగులుతాయి.

ఈ విద్యకి మా ప్రాంతం పెట్టింది పేరు. షేక్ చిన మౌలానా 1924 మే 12న ఒంగోలు పక్కన కరవదిలో పుట్టారు. అప్పటికి ఒంగోలు గుంటూరు జిల్లాలోనే ఉండేది. ప్రకాశం జిల్లా 1970లో గానీ ఏర్పడలేదు. తండ్రి దగ్గర, తర్వాత చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, తంజావూరు బాణీ కోసం తమిళదేశం వెళ్ళి చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి వచ్చాయి. 1999లో పోయారు. తరతరాలుగా గుళ్ళో రామనామం పలికించిన ముస్లిం కుటుంబాలు అవి. దాని గురించి విడిగా ఒక వ్యాసమే రాయాలి. ఇక్కడికి నాకు కావలసింది ఒక్కటే: కరవదిలో, పేటలో పుట్టిన ఆ నాదం ఆరుబయలు కోసం తయారైంది. గదిలో, అందులోనూ చెవికి అరంగుళం దూరంలో వినడం కోసం కాదు.

నాటకాలదీ అదే దారి. తెనాలి, బాపట్ల, గుంటూరు అంతా పద్యనాటకాల గడ్డ. స్థానం నరసింహారావు బాపట్ల మనిషి. ఈలపాట రఘురామయ్య సుద్దపల్లి మనిషి. మైకులు లేని రోజుల్లో వెనక వరసలో చాప పరుచుకున్నవాడికి కూడా పద్యం చివరి పాదం అందాలి, లేకపోతే "వన్స్ మోర్" పడదు. హార్మోనియం హెచ్చు శ్రుతిలో పెట్టుకుని, గొంతు తెరిచి పాడేవారు. సరిగ్గా ఇదే ఇబ్బంది యూరప్‌లో ఒపేరా గాయకులకీ ఉండేది. ఆర్కెస్ట్రా శక్తంతా 500 హెర్ట్జుల దగ్గర పోగవుతుంది. దాన్ని దాటుకుని వినపడటానికి ఆ గాయకులు మూడు కిలోహెర్ట్జుల దగ్గర గొంతుని బలపరుచుకుంటారని స్వీడన్‌కి చెందిన యోహాన్ సుండ్‌బర్గ్ 1970ల్లో కొలిచి చూపించారు. మన పద్యగాయకులని ఎవరైనా అలా కొలిచి ఉంటే ఎంత బావుండేదో!

ఇక బుర్రకథ. షేక్ నాజర్ గారిది గుంటూరు జిల్లా పొన్నెకల్లు. 1920లో పుట్టారు, 1997లో పోయారు, 1986లో పద్మశ్రీ. మధ్యలో తంబురతో కథకుడు, రెండు పక్కలా గుమ్మెటలు వాయించే వంతలు. ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. వేల జనం కూర్చున్న పొలంలో కథ నడవాలి. బుర్రకథలో మాట అర్థం కాకపోతే కథే లేదు. మాటని అర్థం చేయించేవి హల్లులు. 'త'కీ 'ప'కీ తేడా తెలిసేది రెండు మూడు కిలోహెర్ట్జుల్లోనూ ఆ పైనే. మళ్ళీ అదే చోటు!

ఇప్పుడు రికార్డింగు సంగతి. 1925 దాకా గ్రామఫోన్ రికార్డులు పెద్ద బాకా ముందు నిలబడి పాడితే తయారయ్యేవి. కరెంటు ప్రమేయం లేదు. సుమారుగా 250 నుంచి 2500 హెర్ట్జుల దాకా మాత్రమే పట్టేవి. అంటే సన్నాయిలో సన్నాయితనం ఉండే చోటు, పద్యంలో పదును ఉండే చోటు రికార్డులోకి సరిగ్గా ఎక్కనే లేదు. మైక్రోఫోన్‌తో రికార్డు చేయడం వచ్చాక ఆ కిటికీ పెద్దదైంది. మన గుంటూరు జిల్లా కొమ్మూరులో పుట్టిన కరుణశ్రీ రాసిన పుష్పవిలాపం పద్యాలు ఘంటసాల గొంతులో ఇంటింటికీ వెళ్ళాయంటే ఈ మార్పే కారణం. అరవనక్కర లేకుండా, మెల్లగా, దగ్గర కూర్చుని చెప్పినట్టు పద్యం పాడొచ్చని తెలుగువాళ్ళకి తెలిసింది అప్పుడే. చివరి వరస కోసం పాడే గొంతు నుంచి పక్కన కూర్చున్నవాడి కోసం పాడే గొంతు పుట్టింది. ఘంటసాల, జానకి వీళ్ళంతా ఆ రెండో రకం. అన్నట్టు జానకమ్మ పుట్టింది కూడా మా వైపే, రేపల్లె దగ్గర పల్లపట్ల, 1938లో.

రేడియో కథ ఇంకా తమాషా. మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924 జులైలో ప్రసారాలు మొదలుపెట్టింది. చిన్న ట్రాన్స్‌మిటర్, మద్రాసు దాటి పెద్దగా పోయేది కాదు. ఆ కాలంలో చాలామంది శ్రోతల దగ్గర ఉండేది క్రిస్టల్ సెట్. దానికి బ్యాటరీ ఉండదు, యాంప్లిఫయర్ ఉండదు. ఏరియల్‌లోకి వచ్చిన కాస్త శక్తితోనే పనిచేయాలి. అది స్పీకర్‌ని కదిలించలేదు కాబట్టి వినాలంటే హెడ్‌ఫోన్స్ ఒక్కటే దారి! అమెరికాలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన 1910లో వంటింట్లో తయారుచేసి నౌకాదళానికి అమ్మిన వస్తువు అది. అంటే మన రాష్ట్రాల్లో రేడియో వినడం మొదలైందే హెడ్‌ఫోన్స్‌తో, ఒంటరిగా. డబ్బుల్లేక ఆ క్లబ్బు 1927లో మూతపడింది. 1930 నుంచి మద్రాసు కార్పొరేషన్ ప్రసారాలు నడిపి, బీచిలోనూ పార్కుల్లోనూ లౌడ్ స్పీకర్లు పెట్టింది. ఒంటరి చెవి పోయి ఊరుమ్మడి చెవి వచ్చింది.

మా వైపు ఊరుమ్మడి చెవి చాలాకాలం నడిచింది. 1938లో ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చాయి. రేడియో కొనాలంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. అందుకని చాలా ఊళ్ళకి పంచాయతీ రేడియోనే గతి. సాయంత్రం రచ్చబండ దగ్గర వార్తలు, పొలం కబుర్లు అందరూ కలిసి వినేవారు. ట్రాన్సిస్టర్లు వచ్చాక మిరప కల్లంలో రాత్రి కాపలా పడుకునేవాళ్ళ తలగడ పక్కకి చేరింది రేడియో. 1970ల్లో ఉషశ్రీ గారి రామాయణ, భారత ప్రవచనాలు వచ్చే వేళకి వీధిలో నడుచుకుంటూ పోతే ఒక్క మాట కూడా తప్పిపోకుండా వినొచ్చని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. మీడియం వేవ్‌లో ఐదు కిలోహెర్ట్జుల పైన ఏమీ రాదు. చిన్న స్పీకర్లో బాస్ రాదు. మిగిలేది మధ్యలోదే. అయినా ఎవరికీ ఏ లోటూ అనిపించలేదంటే, కావలసిన సరుకంతా ఆ మధ్యలోనే ఉంది కాబట్టి.

మైకు సెట్టు బాకాలు కూడా అంతే. శ్రీరామనవమి పందిట్లో కొబ్బరిచెట్టుకి కట్టిన బాకాలో 300 హెర్ట్జుల కింద దాదాపు ఏమీ ఉండదు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో విద్యుత్ ప్రభల మీద కట్టిన బాకాలు ఒకదానితో ఒకటి పోటీ పడుతుంటే ఎవరి పాట ఏదో తెలిసేది ఆ మధ్య ఫ్రీక్వెన్సీల పుణ్యమే. ఆ తర్వాత పత్తి బాగా పండిన ఏళ్ళల్లో ఇళ్ళల్లోకి టూ-ఇన్-వన్ టేప్ రికార్డర్లు దిగాయి. ఇప్పుడు డీజే బాక్సులు వచ్చాక లెక్క తలకిందులైంది. గుండెల మీద గుద్దే బాస్ మిగిలింది, సన్నాయి మేళం వెనకబడింది.

సరే, ఇంత చరిత్ర హెడ్‌ఫోన్స్ కొనడానికి ఎందుకంటారా? వస్తున్నా.

హెడ్‌ఫోన్స్ తయారీలో అసలు తగువంతా మూడు కిలోహెర్ట్జుల దగ్గరే. గదిలో స్పీకర్ మోగితే మన చెవి డొప్ప, చెవి రంధ్రం కలిసి ఆ భాగాన్ని పెంచి వినిపిస్తాయి. హెడ్‌ఫోన్ చెవికి అతుక్కుంటే ఆ సహజమైన మార్పు కొంత తప్పిపోతుంది. కాబట్టి తయారీదారే ఆ పెంపుని సరిగ్గా లెక్కగట్టి ఇవ్వాలి. ఎంత ఇవ్వాలన్నది దశాబ్దాల పాటు తేలలేదు. హర్మన్ కంపెనీలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ శ్రోతలని కూర్చోబెట్టి చేసిన పరీక్షలు 2013 నుంచి బయటికొచ్చాక ఇంచుమించు ఒక ఒప్పందం కుదిరింది. మూడు కిలోహెర్ట్జుల దగ్గర పెంపు తక్కువైతే గొంతు దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. ఎక్కువైతే సన్నాయి చెవిలో సూదిలా దిగుతుంది. బాస్ ఎంత గొప్పగా ఉన్నా ఇక్కడ తేడా వస్తే మన సంగీతానికి ఆ హెడ్‌ఫోన్స్ పనికిరావు.

అందుకని కొనేముందు ఈ నాలుగూ పెట్టి వినండి. మొదటిది చిన మౌలానా నాదస్వరం ఏదైనా. హెచ్చు స్థాయిలో కూడా గుచ్చకూడదు, అలాగని మెత్తబడి క్లారినెట్‌లా అయిపోకూడదు. జంట నాదస్వరాలైతే రెండూ విడివిడిగా తెలియాలి. రెండోది రఘురామయ్య ఈల. నోట్లో వేలు పెట్టుకుని రాగాలు పలికించేవారాయన. ఈల అంటే దాదాపు శుద్ధమైన సైన్ వేవ్. అది పైకీ కిందకీ జారుతుంటే మీకు ఉచితంగా ఒక సైన్ స్వీప్ దొరికినట్టే. ఏదో ఒక స్వరం దగ్గర హఠాత్తుగా అరిచిందంటే అక్కడ హెడ్‌ఫోన్స్‌లో శిఖరం ఉందన్నమాట. మూడోది నాజర్ బుర్రకథ. కళ్ళు మూసుకుని వినండి. గుమ్మెట మోతలో మాట మునిగిపోతే వదిలేయండి. నాలుగోది జానకి పాత పాట. 'స', 'ష' అక్షరాలు ఇసక రాలినట్టు వినపడకూడదు. రెండు హెడ్‌ఫోన్స్ పోల్చేటప్పుడు శబ్దం సమానంగా పెట్టుకోవడం మర్చిపోకండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా అదే బాగున్నట్టు అనిపిస్తుంది. షోరూముల్లో జరిగే మాయ సగం ఇదే.

ఇంకో మాట. మన పాత రికార్డింగులు దాదాపు అన్నీ మోనో. "విశాలమైన సౌండ్ స్టేజ్" అని రివ్యూల్లో రాస్తారు చూశారూ, దానికోసం ఎక్కువ డబ్బు పోయొద్దు. ఏ హెడ్‌ఫోన్స్ పెట్టినా నాజర్ గారు తల మధ్యలోనే కూర్చుంటారు :)

ఓపెన్ బ్యాకా, క్లోజ్డ్ బ్యాకా? 1968లో సెన్‌హైజర్ హెచ్‌డి 414తో ఓపెన్ రకం బజారులోకి వచ్చింది. చెవి చుట్టూ గాలి ఆడుతుంది, గొంతులు సహజంగా ఉంటాయి. రోహిణి కార్తెలో గుంటూరు ఎండకి రెగ్జిన్ మెత్తలు పెట్టుకుని గంటసేపు కూర్చోగలిగితే మీకు దండం. గుడ్డ మెత్తల ఓపెన్ బ్యాక్ మేలు. పైగా గ్యాస్ బండవాడు బెల్లు కొట్టినా, ఇంట్లోవాళ్ళు పిలిచినా వినపడుతుంది. సంసారానికి అదీ అవసరమే. 1997లో వచ్చిన హెచ్‌డి 600 ఇప్పటికీ అమ్ముడవుతోందంటే మధ్య ఫ్రీక్వెన్సీలని సరిగ్గా పలికించడమే కారణం. అయితే ఫ్యాను, ఏసీ, పక్కింటి మిక్సీ మోత ఎక్కువగా ఉండే ఇల్లయితే మాత్రం క్లోజ్డ్ రకమే తీసుకోండి. ఎందుకో కింద చెబుతాను.

ఇంపీడెన్స్ లెక్క ఇంజినీర్లకి చెప్పాలా! ఒక వోల్టు ఇచ్చే చిన్న డాంగిల్ 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి 31 మిల్లీవాట్లు ఇస్తుంది, 300 ఓమ్‌లకి 3.3 మాత్రమే. పాత రికార్డింగులు అసలే తక్కువ స్థాయిలో ఉంటాయి, కాబట్టి 300 ఓమ్‌లది కొంటే మామూలు యాంప్ ఒకటి కలుపుకోండి. అంతకన్నా ఖరీదైనది అక్కర్లేదు. బడ్జెట్ తక్కువైతే సాధారణమైన హెడ్‌ఫోన్స్ కొని, ఆటోఈక్యూ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో మీ మోడల్ సెట్టింగులు వెతికి ఈక్వలైజర్లో పెట్టుకోండి. మూడు కిలోహెర్ట్జుల లోటు చాలావరకు అక్కడే తీరిపోతుంది.

చివరగా, అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. మా మేనమామ ఒక జిన్నింగ్ మిల్లులో పాతికేళ్ళు ఫిట్టర్‌గా చేశాడు. పత్తి సీజన్‌లో రెండు షిఫ్టులు, చెవుల్లో ఏమీ పెట్టుకునేవాడు కాదు, పెట్టుకోమని చెప్పినవాళ్ళూ లేరు. ఇప్పుడు ఆయన ఫిర్యాదు ఒకటే: "వినపడుద్దిరా, ఏందో అర్థమే కాదు." ఆడియోగ్రామ్ తీయిస్తే కింది ఫ్రీక్వెన్సీలు బాగానే ఉన్నాయి, నాలుగు కిలోహెర్ట్జుల దగ్గర గుంట పడింది. మోత వల్ల చెవి పాడయ్యేవాళ్ళందరికీ దాదాపు అలాగే మొదలవుతుంది, మూడు నుంచి ఆరు కిలోహెర్ట్జుల మధ్యలో. అంటే హల్లులు, పద్యం పదును, సన్నాయి జీవం ఉండే చోటే ముందు పోతుంది. పోయినది తిరిగి రాదు. బీరువాలో ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్స్ ఉన్నా మా మామకి ఇక చిన మౌలానా పూర్తిగా వినపడడు.

మిల్లులో ఆయనకి వేరే దారి లేదు. మనకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల దాకా వినొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకీ ఆ సమయం సగమవుతుంది. 89కి వచ్చేసరికి మిగిలేది ఐదు గంటలు. మనం ఆఫీసు కాల్స్‌తోనే రోజుకి నాలుగైదు గంటలు వాడేస్తున్నాం, ఆపైన బస్సులో పాటలు. ఫ్యాను మోత మీద వినపడాలని శబ్దం పెంచుకుంటూ పోయే ఇంట్లో క్లోజ్డ్ రకం కొనమన్నది ఇందుకే. బయటి మోత తగ్గితే వాల్యూమ్ పెంచాల్సిన పని ఉండదు.

కాబట్టి ఈసారి బోనస్ పడితే ముందు ఒక ఆడియోగ్రామ్ తీయించుకోండి. ఆ తర్వాత సన్నాయి, ఈల, బుర్రకథ, జానకి పాట ఫోన్‌లో వేసుకుని షాపుకెళ్ళండి. వీలైతే నాన్నగారినో మామయ్యగారినో వెంటబెట్టుకెళ్ళి వాళ్ళకీ ఒకసారి వినిపించండి. "మా చిన్నప్పుడు ఇట్టాగే వినపడేది" అని వాళ్ళన్న మోడల్ ఏదో, రివ్యూలు ఏం చెప్పినా, దాన్ని కొనేయండి.